శివరాత్రి నాడు పగిలిన క్యూబులు

పోయిన వారం యశస్వినిని ల్యాబ్ రిజిస్టర్ ముందు, నూట పన్నెండో పేజీ మీద వేలు పెట్టి ఉండగా వదిలి వచ్చాం. ఆ వేలి కింద మూడు అంకెలూ, ఒక తేదీ ఉన్నాయి. ఫిబ్రవరి ఇరవై ఆరు, బుధవారం. ఆ రోజు మహాశివరాత్రి.

మధ్యలో వచ్చి చేరినవారి కోసం రెండు మాటలు. నరసరావుపేటలో ఎంటెక్ రెండో సంవత్సరం చదువుతున్న యశస్విని, సందీప్ కలిసి ఒక ప్రాజెక్టు చేస్తున్నారు. నాపరాళ్లకు పాలిష్ పట్టే మిల్లుల్లో మిగిలే రాతిపొడిని, సిమెంటులో కొంత భాగానికి బదులుగా కాంక్రీటులో కలపవచ్చా అన్నది వాళ్ల పరిశోధన. పొడి ఇచ్చింది వెంకట్రామయ్య. కారంపూడి పక్కన మిల్లున్నవాడు, సందీప్‌కు సొంత మేనమామ. ఆ పొడిని ఎక్కడ పోయాలో తెలియక చుట్టుపక్కల చేలవాళ్లతో ఏళ్ల తరబడి మాటలు పడుతున్నాడు. పిల్లల ప్రయోగం బాగా వచ్చిందని విని సంబరపడిపోయి, తమ ఊరి బడికి ఆ కాంక్రీటుతోనే వరండా వేయిస్తానని మాటిచ్చాడు. పాతిక శాతం పొడి కలిపి. స్లాబు గురువారం. ఇవాళ సోమవారం.

పాతిక శాతం కలిపినా కప్పు నిలబడుతుందని చెప్పే ఆధారం ఈ లోకం మొత్తం మీద ఒక్కటే. అది ఆ నూట పన్నెండో పేజీ.

ఆదివారమంతా గురజాలలో ఇంటి దగ్గర యశస్విని ఆ పేజీ ఫొటోను ఫోనులో పదిసార్లు తెరిచి చూసింది. సోమవారం పొద్దున్నే మొదటి బస్సు ఎక్కింది. సీట్లు నిండిపోయాయి. కిటికీ పక్కన కూర్చున్న ఒక ముసలామె తన సంచిని ఒళ్లోకి తీసుకుని చోటిచ్చింది. అమ్మాయి మొహం చూసి కూడా ఏమైందని అడగలేదు. కొన్నిసార్లు అడగకపోవడమే ఉపకారం.

ల్యాబ్ తలుపులు తీసే ఉన్నాయి. అటెండర్ జక్కయ్య క్యూబులు నానబెట్టే నీళ్లతొట్టి గట్టు తుడుస్తున్నాడు. జానెడు కొలత ఉన్న కాంక్రీటు దిమ్మెలు తొట్టి అడుగున వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద నల్లరంగుతో ఎవరు పోశారో, ఏ రోజున పోశారో రాసి ఉంటుంది. సరిగ్గా ఇరవై ఎనిమిదో రోజున వాటిని బయటికి తీసి మెషిన్‌లో పెట్టి, పగిలేదాకా నొక్కుతారు. ఎంత బరువుకు పగిలిందన్నదే కాంక్రీటు బలం. దాని జాతకం మొత్తం ఆ ఒక్క రోజులో తేలుతుంది.

"ఏందమ్మాయ్, ఇంత పొద్దున్నే దిగబడ్డావు? కాంటీన్ కూడా తీయలా ఇంకా."

"నిన్నొక మాట అడగాలి బాబాయ్. శివరాత్రి నాడు ల్యాబ్ తీశారా?"

గుడ్డ ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది.

"శివరాత్రి నాడా! ఊరు ఊరంతా కోటప్పకొండ మీదుంటే ఈ ల్యాబ్ ఎవడికి కావాల? ఆ రోజు మన బస్టాండ్ కాడ కుక్కలు కూడా కొండ దారే పట్టినయ్."

ఆమెకు నవ్వొచ్చింది. ల్యాబ్ తీయలేదని మాత్రం జక్కయ్య అనలేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

అతను భుజం మీది తువ్వాలు తీసి స్టూలు తుడిచి, ఫ్యాను ఆమె వైపు తిప్పి, మళ్లీ తొట్టి దగ్గరికి వెళ్లాడు. ముప్పై ఏళ్లుగా ఈ ల్యాబ్‌లో ఎంతమంది పిల్లల మొహాలు చూశాడో. ఫలితం చెడిపోయిన మొహం ఎలా ఉంటుందో అతనికి తెలుసు.

సందీప్ తొమ్మిదింటికి వచ్చాడు.

"ఏంది యశా, ఆ మెసేజ్? పోలీస్ స్టేషన్ నుంచి వచ్చినట్టుంది. 'వెంటనే రా, మాట్లాడాలి.' భయపడి టిఫిన్ కూడా తినలా."

"ఈ రాత నీదేనా?" అని రిజిస్టర్ తిప్పి ముందు పెట్టింది.

"నాదే. కోడి గీకినట్టుంటే అది నాదే గదా."

"ఇరవై ఆరున టెస్ట్ చేశావా?"

"చేశాంగా."

"చేశాం అనమాక. నేను లేను. నువ్వు చేశావా?"

"చేశా."

యశస్విని ఫోను తీసి క్లాసు గ్రూపులో అతను పెట్టిన ఫొటో చూపించింది. తలకు తువ్వాలు చుట్టుకుని, కోటప్పకొండ తిరునాళ్లకు ఊరంతా లాక్కెళ్లే ఎత్తైన ప్రభకు కట్టిన మోకు భుజాన వేసుకుని, నోరంతా తెరిచి అరుస్తున్న సందీప్.

"మీ ఊరి ప్రభ. ఫొటో పెట్టిన టైమ్ పదకొండూ ఇరవై. రిజిస్టర్‌లో నువ్వు రాసిన టెస్ట్ టైమ్ పదకొండున్నర."

సందీప్ ఫొటో వంక చూశాడు. తన నోటి వంకే తాను చూసుకుంటున్నట్టు చూశాడు.

"సాయంత్రం వచ్చి చేశానేమో. టైమ్ తప్పు పడుంటది."

"శివరాత్రి సాయంత్రం కొండ కింద నుంచి బండి బయటికి తీశావా? ఏ దారిన? గాలిలోనా?"

"అయితే తేదీ తప్పు. ఇరవై ఏడున చేశా. ఇదంతా ఏంది యశా, నేనేమన్నా దొంగనా?"

"ఇరవై ఏడున పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మెషిన్ ముందు కూర్చుంది నేను. ఆ రోజు పగిలినవి నా పదిహేను శాతం క్యూబులు ఆరే. డైరీలో ఉంది. చూస్తావా?"

చూడనన్నట్టు తలొంచుకున్నాడు.

డైరీ రాయడం నేర్పింది ప్రొఫెసర్ మల్లికార్జునరావు. ఈ ప్రాజెక్టుకు గైడు. పరిశోధన ఎలా చేయాలో, పనిని రోజులవారీగా ఎలా పంచుకోవాలో, ఫలితాల దగ్గర నిజాయితీగా ఎలా ఉండాలో చెప్పే సబ్జెక్టు కూడా ఆయనదే. మొదటి క్లాసులోనే అన్నాడు: "నచ్చని అంకెను కూడా రాయండి. నచ్చినవి మాత్రమే అతికిస్తే అది పెళ్లి ఆల్బమ్ అవుతుంది, పరిశోధన కాదు." క్లాసంతా నవ్వింది. యశస్విని ఆ మాటను డైరీ మొదటి పేజీలో రాసుకుంది.

"అంకెలు చూడరా," అంది, ఈసారి గొంతు తగ్గించి. "ముప్పై రెండు. ముప్పై ఒకటీ పాయింట్ ఎనిమిది. ముప్పై రెండూ పాయింట్ ఒకటి. ఒక్క తల్లి బిడ్డలే ఒక్కలాగా ఉండరు. మూడు క్యూబులు ఇంత దగ్గర దగ్గరగా పగలటం నువ్వెప్పుడన్నా చూశావా? నావి చూడు, మొదటిదానికీ చివరిదానికీ ఎంత తేడా ఉందో."

సందీప్ ఆ మూడు అంకెల మీద వేలితో గీసుకుంటూ కూర్చున్నాడు.

"ఏడో రోజు టెస్ట్ నిజంగానే చేశా," అన్నాడు సందీప్ చివరికి. "అప్పుడు ఇరవై పాయింట్ ఎనిమిది వచ్చింది. నువ్వూ ఉన్నావు. మామూలుగా ఏడు రోజులకు అరవై అయిదు శాతం బలమొస్తది గదా. దాన్నిబట్టి ఇరవై ఎనిమిదికి ఎంతొస్తుందో లెక్కేసి రాశా. కాస్త అటూ ఇటూ మార్చి మూడు చేశా."

"అది మామూలు కాంక్రీటు లెక్క. దీన్లో సిమెంటుకు నాలుగో వంతు రాతిపొడే. ఆ లెక్క దీనికి పనికొస్తుందో లేదో తేల్చటానికే గదరా మనం రెండేళ్లు ఏడ్చింది!"

"తెలుసు."

"తేదీ?"

అతను గోడ వైపు చూపించాడు. గోడ మీద వాళ్లిద్దరి పని చార్టు ఉంది. ఏ రోజు పోత, ఏ రోజు పరీక్ష, అన్నీ రంగు రంగుల గడుల్లో. జనవరి ఇరవై తొమ్మిదిన పోసిన క్యూబుల ఎదురుగా ఫిబ్రవరి ఇరవై ఆరు మీద ఎర్రచుక్క.

"అది చూసి దించేశా. ప్రభ పనిలో రెండు రోజులు కునుకు లేదు. అది పండగరోజన్న ఇంగితం కూడా లేకపోయింది."

ఆ చార్టు చేసింది యశస్విని. పోత తేదీలిచ్చి ఇరవై ఎనిమిది రోజులు కలపమని కంప్యూటర్‌కు చెప్పింది. ఇద్దరూ పల్నాడులో పుట్టి పెరిగినవాళ్లే. శివరాత్రి ఎప్పుడో చూసుకోకుండా ఇంటికి సున్నం కూడా వేయించని కుటుంబాల పిల్లలు. తేదీల లెక్క మాత్రం యంత్రానికి వదిలేశారు. యంత్రానికి కోటప్పకొండ తెలియదు. ఆ ఎర్రచుక్క వంక చూస్తుంటే ఆమెకు కోపంలో కొంత తన మీదికి కూడా మళ్లింది.

"సరే. నిద్ర లేదు, తేదీ తప్పు పడింది. అసలు క్యూబులు పగలగొట్టకుండా ఎందుకు రాశావు? ఇరవై ఎనిమిదో తేదీన వచ్చి పగలగొట్టి, రెండు రోజులు ఆలస్యమని రాస్తే సరిపోయేది. ఎవరన్నా ఉరేస్తారా?"

సందీప్ మొహం ఎత్తాడు. ఇంతసేపూ అబద్ధం ఆడుతున్నప్పుడు లేని భయం ఇప్పుడు ఆ కళ్లల్లో కనిపించింది.

"పగలగొడదామనే వచ్చా యశా. ఇరవై ఎనిమిది పొద్దున్నే. తొట్టిలో లేవు."

"ఏంది లేవు?"

"నా క్యూబులు. మూడూ లేవు. తొట్టంతా చేత్తో దేవులాడా. మన ఫలితాల మీద రాసిన పేపరు జర్నల్‌కి పంపటానికి ఆ మధ్యాహ్నమే ఆఖరు. ఎవరినన్నా అడిగితే, క్యూబులు పోగొట్టుకున్నోడివి నువ్వేం ఇంజనీరువిరా అంటారు. రాసేశా. కాసేపటికి సారు వచ్చాడు. రిజల్ట్ వచ్చిందా అన్నాడు. వచ్చింది సార్ అన్నా. పేజీ చూశాడు. నా మొహం వంక చూశాడు, చానాసేపు. సంతకం పెట్టాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలా. బతికిపోయానురా దేవుడా అనుకున్నా."

యశస్విని అతని మాట నమ్మాలో లేదో తేల్చుకోలేకపోయింది. గంటసేపట్లో మూడు అబద్ధాలు ఆడినవాడు నాలుగోసారి నిజం చెబితే ఎలా గుర్తుపట్టాలి? కానీ ఎత్తితే చెయ్యి లాగేసే బరువున్న దిమ్మెలు వాటంతట అవి నడిచిపోవు.

ఇద్దరి చూపులూ ఒకేసారి తొట్టి వైపు తిరిగాయి.

"ల్యాబ్ తాళం బాబాయ్ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు," అన్నాడు సందీప్.

జక్కయ్య గుడ్డ పిండుతున్నాడు. నీళ్లు ఎప్పుడో అయిపోయినా పిండుతూనే ఉన్నాడు.

"నా మీదికి తోస్తన్నావా అబ్బాయ్?"

"తోయట్లా బాబాయ్. అడుగుతున్నా."

"జూన్‌లో రిటైరయి పోయేవాణ్ణి. మీ కాయితాల గొడవల్లోకి నన్ను లాగమాకండి. మార్కులో, పేపర్లో, మీరూ మీరూ చూసుకోండి."

"కాయితాలు కాదు బాబాయ్," అంది యశస్విని. "ఆ పేజీ చూసి గురువారం బడికి స్లాబు పోస్తున్నారు."

అతను వెనక్కి తిరిగాడు.

"బడికా?"

"వీళ్ల మామ ఊళ్లో. చిన్నపిల్లల బడి. వరండాకి. పాతిక శాతం పొడితో."

"మా అక్క కూతురు కూడా ఆ బడే," అన్నాడు సందీప్, ఎవరికీ కాకుండా.

జక్కయ్య తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. లుంగీ అంచు నీళ్లలో తడుస్తున్నా చూసుకోలేదు.

"మీ లెక్కలన్నీ కాయితం మీదే ఉండిపోతాయనుకున్నానమ్మా. ముప్పై ఏళ్ల నుంచి చూస్తన్నా. పగలగొడతారు, రాస్తారు, అట్ట వేయించి బీరువాలో పెడతారు. దాన్ని పట్టుకుని బడి కడతారని నాకేం తెలుసు?"

"ఏం జరిగింది బాబాయ్?"

"శివరాత్రి నాడు ల్యాబ్ తీశా."

జక్కయ్య వాళ్ల వంక చూడకుండా, నీళ్లలోకి చూస్తూ చెప్పాడు.

"పొద్దున్నే ఫోను. ఒక గంట ల్యాబ్ తియ్యి జక్కయ్యా, పని ఉంది అన్నాడు. నేను ఉపాసం, కొండకు బయలుదేరతన్నా అన్నా. కారులో నేను దింపుతాలే అన్నాడు. అన్నట్టే దింపాడు కూడా. నా ఉపాసం గుర్తుపెట్టుకుని రెండు అరటిపళ్లు తెచ్చాడు. ఇక్కడికొచ్చాక, సందీప్ పోసిన పాతిక శాతం క్యూబులు తియ్యమన్నాడు. పిల్లలు లేకుండానా అన్నా. మాట్లాడలా. ఒక్కోటీ మెషిన్‌లో పెట్టా. ముల్లు నేనే చూసి చెప్పా. మొదటిది నాలుగొందల అరవై. రెండోది నాలుగొందల యాభై. మూడోది నాలుగొందల నలభై కాడ టప్పుమంది."

యశస్విని పెదాలు కదిలాయి. ఆ లెక్కకు ఆమెకు కాయితం అక్కర్లేదు. నాలుగొందల యాభై కిలోన్యూటన్లకు పగిలిందంటే, రిజిస్టర్‌లో రాసే లెక్కలో బలం ఇరవై. స్లాబుకు రావలసింది కనీసం ఇరవై అయిదు. ఏడో రోజున ఇరవై దాటి ఉన్నది, ఇరవై ఎనిమిదో రోజున ఇరవై దగ్గరే నిలబడి ఉంది. మధ్యలో మూడు వారాలు నీళ్లలో నాని అది ఏమీ పెరగలేదు. పదిహేను శాతం కలిపినవి బాగానే నిలబడ్డాయి. పాతికకు వచ్చేసరికి పొడి కాంక్రీటును తినేసింది.

"ఆయన ఏమన్నాడు?"

"ఏమీ అనలా. చానాసేపు ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. తరవాత ముక్కలు ఎత్తి పారెయ్యమన్నాడు. సెలవు రోజు ల్యాబ్ తీయటం రూల్‌కి విరుద్ధం, ఎవరితో అనమాక అన్నాడు. మా ఆడమనిషి ఆస్పత్రిలో ఉన్నప్పుడు మూడు రాత్రులు నా పక్కన బల్ల మీద కూర్చున్న మనిషమ్మా ఆయన. ఆయన అనమాకంటే నేనెట్టా అంటా?"

"ఎవరు బాబాయ్?" అన్నాడు సందీప్. తెలిసి కూడా, వేరే పేరు వినపడుతుందేమోనన్న ఆశతో అడిగాడు.

"ఇంకెవరు? మీ మల్లికార్జునరావు సారే."

సందీప్ పేజీ కింది సంతకం వంక చూశాడు. తన దొంగ అంకెల కింద, అవి దొంగవని నికరంగా తెలిసిన ఒకే ఒక్క మనిషి సంతకం.

"చానాసేపు చూశాడంటే..." అని సగంలో ఆపేశాడు.

యశస్విని అప్పటికే వెంకట్రామయ్యకు ఫోను చేసి స్పీకరు పెట్టింది. సారు ఎందుకు దాచాడో తరవాత తెలుసుకోవచ్చు. గురువారానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఆ మూడు రోజులున్నందుకు మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

"ఆ, చెప్పమ్మాయ్! గట్టిగా మాట్లాడు, మిల్లర్ గోలలో వినపడట్లా!"

కాంక్రీటు కలిపే మిల్లర్ చప్పుడు ల్యాబ్ నిండా పరుచుకుంది.

"మిల్లర్ ఏంది వెంకట్రామయ్య గారూ? స్లాబు గురువారం గదా?"

"మీ సారే ముందుకు జరిపాడమ్మా! గురువారం దాకా ఎందుకు, ఇవాళే కానిద్దాం అని పొద్దున్నే దిగాడు. కొబ్బరికాయ కొట్టాం. మొదటి తట్ట పైకి పోతంది."

"ఆపించండి. వెంటనే ఆపించండి!"

"ఏందీ? ఉండు, సారు ఇక్కడే ఉన్నాడు, ఆయనతో చెప్పు."

ఫోను చేతులు మారింది. చప్పుడు కొంచెం దూరమైంది. ఎవరో నాలుగడుగులు పక్కకు నడిచినట్టుంది.

"యశస్వినీ." క్లాసులో ఉన్నంత మెత్తగానే ఉంది ఆ గొంతు. "ల్యాబ్‌లో ఉన్నావు కదమ్మా. జక్కయ్య పక్కనే ఉన్నాడా?"

జక్కయ్య గట్టు మీద నుంచి లేచి నిలబడ్డాడు, సారు గదిలోకి వచ్చినట్టు.

"ముందు మిల్లర్ ఆపించండి సార్. నాలుగొందల యాభైకి పగిలినవి మీకు తెలుసు."

అవతల మిల్లర్ తిరుగుతూనే ఉంది.

"పేపరు మీద మొదటి పేరు నీది," అన్నాడాయన. "ఆ పేజీ తప్పని నువ్వు ఎవరికి చెప్పినా, ముందు జవాబు చెప్పాల్సింది నువ్వే. అది ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నాను. ఆపించండి."

సందీప్ ఇక ఆగలేదు. తన ఫోను తీసి మామ నంబరు నొక్కాడు. నొక్కాక గాని, ఆ ఫోను ఎవరి చేతిలో ఉందో గుర్తుకు రాలేదు. స్పీకరులోంచి, కొంచెం దూరంగా, మల్లికార్జునరావు ఎవరికో చెబుతున్న మాట వినిపించింది.

"మీ అల్లుడేనండీ. ఫరవాలేదు, నేను మాట్లాడతాలెండి. మీరు పని కానివ్వండి."

రెండు ఫోన్లూ ఒకేసారి తెగిపోయాయి.

"బండి తీస్తా," అన్నాడు సందీప్. "గంటలో పోతాం. వరండా స్లాబు పూర్తవటానికి మూడు గంటలన్నా పడుద్ది. నేను రాసింది అబద్ధమని మామ మొహం మీదే చెబుతా. నన్ను కొట్టినా సరే."

"నువ్వు ఇప్పుడు నిజం చెబితే నమ్ముతాడా?" అంది యశస్విని. "ప్రొఫెసర్ పక్కన నిలబడి కాదంటాడు. ముల్లు చూసిన కళ్లు కావాలి." జక్కయ్య వైపు తిరిగింది. "నువ్వు రావాలి బాబాయ్. నువ్వు చెబితేనే ఆగుద్ది."

జక్కయ్య తడిసిన లుంగీ పిండుకున్నాడు. ఒక అడుగు తలుపు వైపు వేశాడు.

అప్పుడు అతని చొక్కా జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. చదవడానికి కష్టపడే మనిషి, పేరు బదులు ఫొటో పెట్టించుకున్నాడు. తెర మీద మల్లికార్జునరావు నవ్వుతున్నాడు.

"ఎత్తమాక బాబాయ్," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఇన్నేళ్లలో ఆ సారు పిలిస్తే జక్కయ్య పలకకుండా ఉన్న రోజు ఒక్కటి కూడా లేదు. అతని బొటనవేలు అప్పటికే తెర మీద ఉంది.